డెబ్బై అయిదేళ్ల చేతులకు తగ్గ రైలు

కాజీపేట

అల్లుడికి, మామ ఆశీస్సులు.

మొన్న రాత్రి ఫోన్‌లో నువ్వు చెప్పింది విన్నప్పటి నుంచి నా మనసంతా దాని మీదే ఉంది. వచ్చే ఏడు రిటైర్ అవుతున్నావు. మంచిర్యాల ఇంట్లో పై అర్ర ఖాళీగా ఉంది, 14 అడుగులు, 10 అడుగులు. రెండు ప్లైవుడ్ షీట్లు అప్పుడే తెప్పించి గోడకు ఆనించావు. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ మోడల్ రైలు 22 పెట్టెలతో ఆ అర్ర చుట్టూ తిరగాలని నీ కోరిక. నేను సంతోషపడ్డాను కానీ, పక్కన పిల్లలు ఉన్నారని చెప్పాల్సింది పూర్తిగా చెప్పలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. షీటుకు రంపం పెట్టకముందే ఇది చదువు.

నువ్వు ఇప్పుడు గీసుకునే ప్లాను 59 ఏళ్ల మనిషి గీసుకునే ప్లాను. ఒక మోస్తరు లేఅవుట్, అంటే బల్ల మీద పట్టాలు, ఊరు అన్నీ కలిపిన మోడల్ రైల్వే, తీరుగా తయారవ్వాలంటే ఒక్కడి చేతుల మీద ఐదారేళ్లు పడుతుంది. నువ్వు నిమ్మళంగా కూర్చుని రైలు నడిపే రోజుకు 65 దాటుతాయి. ఆ తర్వాత ఇంకో పదేళ్లు నడపాలని ఉంటుంది, ఉండాలి కూడా. అంటే దాన్ని ఎక్కువ కాలం వాడేది 70 దాటిన మనిషి. ఆయన నడుము, ఆయన కళ్ళు, ఆయన వేళ్ళు కొలతగా పెట్టుకుని గీత గీయి. నేను గీసినప్పుడు నాకు ఈ మాట చెప్పినవాళ్ళు లేరు.

నాది 1998లో మొదలైంది, నాకు అప్పుడు 47. పై అర్రలో 12 అడుగులు, 8 అడుగుల బల్ల, మధ్యలో నిలబడటానికి ఖాళీ. ఆ ఖాళీలోకి పోవాలంటే బల్ల కింద నుంచి వంగి దూరాలి. రైల్వే సిగ్నల్ పనిలో కేబుల్ గుంతల్లో దిగి ఎక్కిన ఒళ్లు నాది, రోజుకు ఇరవై సార్లు దూరినా లెక్క ఉండేది కాదు. నాకు 66 ఏళ్లప్పుడు, మే నెలలో ఒక మధ్యాహ్నం, బల్ల కింద వెల్లకిలా పడుకుని పాయింట్‌ను, అంటే రైలును పక్క లైనుకు మళ్ళించే పట్టాను, కదిపే మోటారు తీగకు సోల్డరింగ్ చేస్తుంటే నడుము పట్టేసింది. ఇటు తిరగలేను, అటు తిరగలేను. చేతిలో సోల్డరింగ్ ఐరన్ కాలుతూ ఉంది, దాని స్టాండు చేతికి అందే దూరంలో లేదు. మీ అత్త కింద వంటింట్లో ఉంది, కూలర్ చప్పుడుకు నా పిలుపు వినపడలేదు. రెండో చేత్తో స్క్రూడ్రైవర్ తీసుకుని బల్ల కాలు మీద కొడుతూ కొడుతూ ఉంటే, ముప్పావు గంటకు పైకి వచ్చి ప్లగ్గు తీసింది.

ఆ ముప్పావు గంట నేను ఇరవై ఏళ్ల నా పనిని కింది నుంచి చూస్తూ పడుకున్నాను. తీగలన్నీ అక్కడే, మోటార్లన్నీ అక్కడే, పాడయ్యేదంతా అక్కడే. పైన ఉన్నది చూడటానికి, కింద ఉన్నది రిపేరుకు. నేను పైదాన్ని మాత్రమే ప్లాను గీశాను.

అందుకని మొదటి మాట: బల్ల కింద దూరే పనే ఉండకూడదు. ఒక్క తీగ కోసం కూడా. తీగలన్నీ బల్ల ముందు అంచుకు తెచ్చి, అక్కడ కీళ్లున్న పలక మీద బిగించు. పలకను ముందుకు వాల్చితే కుర్చీలో కూర్చునే అన్నీ చేతికి అందాలి. పాయింట్లకు మోటార్లు కూడా ఇప్పుడు అక్కర్లేదు. సైకిలు బ్రేకు తీగలాగా గొట్టంలో గట్టి ఉక్కు తీగ పెట్టి, ముందు నుంచి లాగితే పాయింటు మారుతుంది. మన సిగ్నల్ క్యాబిన్లలో లీవర్లు లాగి పాయింట్లు మార్చిన రోజులు నాకు బాగా తెలుసు, ఆ పనిలో ఉన్న సుఖం మోటారు బటన్‌లో లేదు.

ఆ తర్వాత రెండేళ్లకు ఆ పెద్ద లేఅవుట్ విప్పేశాను. ఏడ్చాను కూడా, నీ దగ్గర దాచడం ఎందుకు. విప్పేటప్పుడు ఒక సంగతి చేతికి తెలిసింది. స్క్రూతో బిగించినవి చక్కగా ఊడి వచ్చాయి, అందులో సగం ఇప్పటికీ వాడుతున్నాను. ఫెవికాల్ పూసి మేకు కొట్టినవి పగలగొట్టాల్సి వచ్చింది. రెండు మంచి పాయింట్లు, ఒక వంతెన అలా పోయాయి. నువ్వు కట్టేది ఏదైనా ఒక రోజు విప్పాల్సి వస్తుంది. ఇల్లు మారొచ్చు, పిల్లలకు ఆ అర్ర కావాల్సి రావచ్చు, మెట్లు ఎక్కలేక కింది అర్రలోకి తెచ్చుకోవాల్సి రావచ్చు. విప్పడానికి వీలుగా కట్టడమంటే పని మీద నమ్మకం లేక కాదు, దాన్ని ఇంకా పదేళ్లు దగ్గర పెట్టుకోవాలనే ప్రేమతో.

షీట్లు తెచ్చావు కదా, వాటిలో ఒకదాన్ని ఇలా కోయించు. 8 అడుగులు, 4 అడుగుల షీటును 4 అడుగులు, అడుగున్నర ముక్కలుగా కోస్తే నాలుగు వస్తాయి. అడుగు వెడల్పు పట్టీ మిగులుతుంది, దాన్ని చీల్చి అంచుల చట్రానికి వాడు. ఒక్కో ముక్క చట్రంతో కలిపి పది కిలోలు దాటొద్దు. తయారయ్యాక ఒక్కడివే చంకన పెట్టుకుని మెట్లు దిగి చూడు, దిగలేకపోతే బరువు తగ్గించు. ముక్కకు ముక్కకు మధ్య చేత్తో తిప్పే చెవుల నట్లు, తీగలకు ఊడదీసే కనెక్టర్లు. రెండో షీటు ఇప్పుడు కోయకు, అలాగే ఉండనీ.

ఎత్తు విషయం. కుర్రవాళ్లు ఛాతీ ఎత్తున కడతారు, నిలబడి నడుపుతారు. నువ్వు కూర్చుని నడిపేలా కట్టు. డైనింగ్ టేబుల్ కంటే జానెడు ఎత్తు, చేతులున్న కుర్చీ. అప్పుడు కళ్ళు పట్టాలకు కాస్త పైనే ఉంటాయి, రైలు ప్లాట్‌ఫారం మీద నిలబడి చూసినట్టు కనిపిస్తుంది. అడుగున్నర వెడల్పు అన్నది కూడా అందుకే, వెనక అంచున పట్టాలు తప్పిన వ్యాగన్‌ను లేవకుండా సరిచేయొచ్చు.

ఇక నీ గ్రాండ్ ట్రంక్. నాకూ ఆ రైలంటే ప్రాణమే. 1929లో కాజీపేట–బల్లార్షా లైను పూర్తయ్యాకే ఢిల్లీకి మద్రాసుకు నేరు తొవ్వ పడింది, ఆ ఏడే ఆ రైలు మొదలైంది. మీ మంచిర్యాల, మా కాజీపేట ఆ లైను మీదివే. కానీ లెక్క వేసి చూడు. హెచ్‌ఓ స్కేలు అంటే అసలులో 87వ వంతు. ఇప్పటి కొత్త రకం ఎల్‌హెచ్‌బి పెట్టె 24 మీటర్ల దాకా ఉంటుంది, హెచ్‌ఓలో 27 సెంటీమీటర్ల పైన. 22 పెట్టెలంటే 6 మీటర్లు, అంటే దాదాపు 20 అడుగులు, ఇంజిన్ కాకుండానే. నీ అర్ర పొడవు 14 అడుగులు. రైలంతా ఒక గోడ పొడవునా పట్టదు. ఇంకో చిక్కు వంపు దగ్గర. పొడవాటి పెట్టెలు వంపులో పట్టాలు తప్పకుండా తిరగాలంటే వంపు వ్యాసార్ధం పెట్టె పొడవుకు కనీసం మూడింతలు ఉంటే మేలు, అంటే 80 సెంటీమీటర్ల పైన. నాలుగడుగుల షీటు మీద అది పట్టదు.

ఎన్ స్కేలుకు పోతే ఎలా ఉంటుందని అడిగావు. 160వ వంతు, పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు. రైలు పడుతుంది, వంపు పడుతుంది, అర్రకు సరిపోతుంది. వేళ్ళకు సరిపోదు. ఎన్ స్కేలు వ్యాగన్‌ను పట్టాల మీద పెట్టడం 59లో సరదా, 72లో టెన్షన్. జాగ తక్కువైతే స్కేలు చిన్నది చేద్దామని అందరికీ ముందు తోస్తుంది. నా మాట విని స్కేలు హెచ్‌ఓలోనే ఉంచు, కథను చిన్నది చెయ్యి.

ఇక్కడ ఒకటి చెప్పకుండా ఉండలేను. హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది విదేశాల 1,435 మిల్లీమీటర్ల గేజికి లెక్క. మన బ్రాడ్ గేజి 1,676, దాన్ని 87తో భాగిస్తే 19 దాటుతుంది. కాబట్టి దుకాణంలో దొరికే పట్టాల మీద మన ఇంజిన్ పెడితే అసలు కంటే ఇరుకు కాళ్ల మీద నిలబడ్డట్టు ఉంటుంది. 19.3 మిల్లీమీటర్లకు పట్టాలు చేతితో వేసే పట్టుదల మనుషులు ఉన్నారు, వాళ్లకు దండం పెడతాను. నేను మూడు అడుగుల పొడవు పట్టా అలా వేసి చూశాను, అందం వేరు. కానీ ప్రతి ఇంజిన్‌కూ ప్రతి వ్యాగన్‌కూ చక్రాలు మార్చాలి. నువ్వు ఆ జోలికి పోకు. పక్క నుంచి చూస్తే తేడా తెలియదు, కూర్చుని నడిపేవాడు చూసేది పక్క నుంచే.

కథ చిన్నది చెయ్యడమంటే ఏమిటో చెబుతాను. ఈ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క ఇదే. బ్రిటన్‌లో ఆలన్ రైట్ అనే ఆయన చాలా ఏళ్ల కిందట ఒక చిన్న షంటింగ్ (వ్యాగన్లను విడదీసి, కలిపి, సర్దే పని) ఏర్పాటు తయారు చేశాడు, ఇంగిల్‌నుక్ అంటారు. రెండే పాయింట్లు, మూడు సైడింగులు, అంటే వ్యాగన్లు నిలిపే పక్క లైన్లు. ఒకదానిలో 5 వ్యాగన్లు పడతాయి, మిగతా రెండింటిలో మూడేసి. ఇవతల ఇంజిన్ ముందుకూ వెనక్కూ ఆడే కురచ లైను, షంటింగ్ నెక్ అంటారు, అందులో ఇంజిన్, 3 వ్యాగన్లు మాత్రమే పట్టాలి. మొత్తం వ్యాగన్లు 8. ఎనిమిదింటికీ చీటీలు రాసి, కలిపి, ఐదు తియ్యి. ఏ వరసలో వచ్చాయో ఆ వరసలోనే ఆ ఐదింటినీ పొడుగు సైడింగులో నిలబెట్టాలి. చూస్తే పిల్లల ఆట. కూర్చుంటే అరగంట ఎటు పోయిందో తెలియదు. ముందు దేన్ని పక్కకు పెట్టాలి, దేన్ని లాగాలి, నెక్‌లో మూడే పడతాయి కదా అని బుర్ర తిరుగుతుంది. ఎనిమిదిలో ఐదింటిని వరసగా నిలబెట్టడానికి 6,720 తీర్లున్నాయి. రోజుకు ఒకటి చొప్పున ఆడితే 18 ఏళ్లు. నువ్వు రిటైరైన మర్నాడు మొదలుపెట్టినా నా వయసు దాటాక కూడా మిగిలే ఉంటాయి.

అడగబోతావని తెలుసు, బొగ్గు వ్యాగన్లతో ఆడొచ్చా అని. ఇప్పుడు మీ దగ్గర బొగ్గు పూర్తి రేక్‌లుగా, అంటే విడదీయని రైళ్లుగా పోతుంది, 58 దాకా బాక్సెన్ అనే పైకప్పు లేని వ్యాగన్లు ఒకే గుంపుగా. విడదీసి షంటింగ్ చేసే పని అందులో లేదు. అందుకే కాలాన్ని వెనక్కి జరుపు, 1970ల దగ్గరికి. అప్పుడు జమ్మికుంట లాంటి స్టేషన్‌లో పత్తి బేళ్ళకు ఒక వ్యాగన్, సిమెంటుకు ఒకటి, వడ్లకు ఒకటి, విడివిడిగా వచ్చేవి, విడివిడిగా పోయేవి. పాత నాలుగు చక్రాల వ్యాగన్ హెచ్‌ఓలో 9 సెంటీమీటర్ల లోపే ఉంటుంది. లాగడానికి చిత్తరంజన్‌లో తయారైన డబ్ల్యూడీఎస్-4 షంటర్, షంటింగ్ చేసే డీజిల్ ఇంజిన్, అదీ పొట్టిదే. ఇదంతా నాలుగున్నర అడుగుల్లో సర్దుకుంటుంది. నీ నాలుగు ముక్కల్లో రెండు చాలు. ఒక గూడ్స్ షెడ్డు, ఒక ర్యాంపు, రెండు ఎడ్లబండ్లు, వెనకాల తాటిచెట్లు.

22 పెట్టెల రైలు గుండ్రంగా తిరుగుతుంటే ఎంతసేపు చూస్తావు? నేను చూశాను కాబట్టి చెబుతున్నాను, పది నిమిషాలు. హాంబర్గ్‌లో మినియాటూర్ వుండర్‌లాండ్ అని 2001లో మొదలైన పెద్ద ప్రదర్శన ఉంది, అదీ 87వ వంతే. నీ ఫోన్‌లో వచ్చే వీడియోలు చాలావరకు అక్కడివే. దాని వెనక వందల మంది ఉద్యోగులున్నారు. దాన్ని చూసి ఆనందించు, దానితో నీ అర్రను పోల్చుకోకు.

ఇప్పుడు కళ్ళ సంగతి, కొంచెం ఓపికగా చదువు. వయసు పెరిగేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, లోపలి లెన్సు పచ్చబడుతుంది. నలభైలో సరిపోయిన బల్బు వెలుగు అరవైలో సరిపోదు. పని బల్ల మీద రెండు దీపాలు పెట్టు, ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, చేతి నీడ పని మీద పడకుండా. లెన్సు పచ్చబడితే ముందు తప్పేది నీలం రంగు. నేను ఒకసారి నీలం తీగ, నలుపు తీగ ఒకటే అనుకుని కలిపి, అడాప్టర్ కాల్చేశాను. ట్యూబ్‌లైటు కింద రెండూ నల్లగానే కనిపించాయి. అప్పటి నుంచి రంగులను నమ్మను. రిలే రూములో ప్రతి తీగ చివరా నంబరు ఉంటుంది, ఇంట్లోనూ అదే పద్ధతి పెట్టుకున్నాను. తెల్ల టేపు ముక్క మీద నంబరు పెద్దగా రాసి తీగకు రెండు చివరలా చుట్టు, ఆ నంబర్లు ఒక నోటుబుక్కులో ఎక్కించు. మధ్యలో రెండు నెలలు జ్వరాలతోనో పెళ్ళిళ్లతోనో పని ఆగినా, ఎక్కడ ఆపావో ఆ పుస్తకమే చెబుతుంది.

అద్దాలు వేరేగా చేయించుకో. బైఫోకల్‌లో దగ్గరి చూపు కింది భాగంలో ఉంటుంది, దానితో బల్ల మీద పని చేస్తే మెడ వెనక్కి వంచి కూర్చోవాలి, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. పని చేసేటప్పుడు నీ కంటికి, నీ చేతికి మధ్య ఎంత దూరం ఉందో టేపుతో కొలిపించుకుని, ఆ దూరానికి ఒకే పవరు ఉన్న అద్దాలు రాసిమ్మని కళ్ళ డాక్టర్‌ను అడుగు. నాది 40 సెంటీమీటర్లు వచ్చింది. తలకు కట్టుకునే భూతద్దం రెండింతలు పెద్దగా చూపించేది చాలు. ఇంకా ఎక్కువ పవరైతే ముక్కు పని మీద ఆనించాలి, సోల్డరింగ్ పొగంతా ముక్కులోకే పోతుంది. నాకు 70లో శుక్లం ఆపరేషన్ అయ్యింది. ముందు రోజు డాక్టర్ దూరం బాగా కనపడాలా, దగ్గరా అని అడిగారు. నేను దూరం అన్నాను, దగ్గరికి అద్దాలు వాడుతున్నాను. ఆపరేషన్ తర్వాత నా పాత వ్యాగన్లు చూసి ఆశ్చర్యపోయాను. తెలుపు అనుకుని వేసిన అక్షరాలు పసుపు. గోధుమ రంగు వ్యాగన్లు మూడు, మూడు రకాల గోధుమ రంగు. మళ్ళీ వేశాను, ఆ నెల రోజులు చాలా సంతోషంగా గడిచాయి.

చేతి వణుకు గురించి భయపడకు. మణికట్లు రెండూ బల్ల అంచుకు ఆనించి, మోచేతులు కుర్చీ చేతుల మీద పెట్టి పని చెయ్, సగం తగ్గుతుంది. సన్నటి పనులు పొద్దున చెయ్యి. ఉన్నట్టుండి వణుకు కొత్తగా మొదలైతే మాత్రం డాక్టర్‌కు చూపించు, వయసే కదా అని ఊరుకోకు. నీకు షుగర్ ఉంది కాబట్టి ఇంకో మాట. వేలి కొసలకు స్పర్శ తగ్గితే కాలింది కూడా తెలియదు, పుండు మానడం ఆలస్యం. ఐరన్ మొన 350 డిగ్రీల దాకా ఉంటుంది. స్టాండు లేకుండా ప్లగ్గు పెట్టకు, అయ్యాక వేళ్ళన్నీ ఒకసారి చూసుకో. సీసం కలిసిన సోల్డర్ అయితే అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కో.

ఎండ. మనవైపు మే ఎండలకు పై అర్ర ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. నేను మొదటిసారి పట్టాలు డిసెంబరులో వేశాను, ముక్కకు ముక్కకు సందు ఇవ్వకుండా బిగించి. మే వచ్చేసరికి కిటికీ వైపు లైను పాములాగా వంకర తిరిగింది. ఐదు మీటర్ల పట్టా 30 డిగ్రీలు వేడెక్కితే రెండున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది, చెక్క ఎండి కుంచించుకుపోయేది దానికి తోడు. చలికాలంలో వేస్తే మీటరుకు ఒక చోట విజిటింగ్ కార్డు మందం సందు వదులు, ఎండాకాలంలో వేస్తే దగ్గరగా వెయ్. చెక్క అడుగున చెదల మందు పూయించు, గోడకు రెండు అంగుళాలు ఎడంగా పెట్టు.

చెట్టూ పుట్టా చేయడంలో నువ్వు పైసలు పెట్టి కొనేది ఏమీ ఉండొద్దు. విదేశీ చెట్లు కొంటే ఊరు విదేశీ ఊరులాగే ఉంటుంది. చెరువు మట్టిని ఎండబెట్టి టీ జల్లెడలో జల్లిస్తే మన నేల రంగు అదే వస్తుంది. క్రషర్ దగ్గరి రాతి పొడి రెండు సార్లు జల్లిస్తే పట్టాల కింద కంకర. చెట్లకు గునుగు పూలు. బతుకమ్మ అయ్యాక మీ అత్త ఒక కట్ట పక్కన పెడుతుంది, తలకిందులుగా వేలాడదీసి నీడన ఎండబెడతాను. బతుకమ్మకు గునుగును రంగుల్లో ముంచుతారు కదా, అదే ఆకుపచ్చ రంగులో కొంచెం నలుపు కలిపి ముంచితే చాలు. ఎండిన గునుగు కొస దూరం నుంచి చూస్తే అచ్చం చింతచెట్టు గుబురు. పురుగు పట్టకుండా పైన వార్నిష్ ఒక పూత.

తాటిచెట్టు మాత్రం ఓపిగ్గా చెయ్యాలి, అది లేకపోతే మన ఊరు కాదు. 4 మిల్లీమీటర్ల వెదురు పుల్ల, 20 సెంటీమీటర్ల పొడవు. దాని మీద బ్లేడుతో చుట్టూ సన్నటి గాట్లు పెట్టి, బూడిద రంగు పూసి, ఆరకముందే తుడిచెయ్, గాట్లలో మాత్రమే రంగు నిలబడుతుంది. ఆకుకు కాగితాన్ని విసనకర్రలాగా మడిచి కొసలు కత్తిరించు. ఒక్కో చెట్టుకు ఇరవై ఆకులు. కింది నాలుగైదు ఆకులకు ఎండు గోధుమ రంగు వేసి కిందికి వాల్చు, పచ్చి ఆకులు ఒక్కటే పెడితే ప్లాస్టిక్ చెట్టులా ఉంటుంది. ఆవగింజ రెండు మిల్లీమీటర్లు, 87తో గుణిస్తే జానెడుకు కాస్త తక్కువ. నల్లగా రంగేసి ఆకుల మొదట్లో అంటించు, కల్లు లొట్టి అదే. నేను వారానికి ఒక చెట్టు చేస్తాను. ఇప్పటికి 31 ఉన్నాయి.

ఇతరుల చేతులు తీసుకోవడానికి సిగ్గుపడకు. రాడ్ స్టూవర్ట్ అని పేరుమోసిన బ్రిటిష్ పాప్ గాయకుడు ఇరవై ఏళ్లకు పైగా హెచ్‌ఓలో ఒక నగరం కట్టాడు, కచేరీలకు పోయిన ఊళ్ళల్లో హోటల్ గదుల్లో కూర్చుని బిల్డింగులు చేసుకున్నాడు. పనంతా దాదాపు తనే చేశాడు, కరెంటు పని మాత్రం తనకు రాదని ఇంకొకరి చేత చేయించుకున్నాడు. నా దగ్గర వ్యాగన్ల పక్కన సన్నటి నంబర్లన్నీ మనవరాలే అంటిస్తుంది. అది పదకొండేళ్ల పిల్ల, అద్దాలు లేకుండా ఒక్క ఊపులో అతికిస్తుంది. బదులుగా ఆదివారం చీటీలు అది తీస్తుంది, ఇంజిన్ నేను నడుపుతాను, పాయింట్లు అది లాగుతుంది. తప్పు లైను వేస్తే నేనేమీ అనను, వ్యాగన్ తప్పు సైడింగులో దూరాక దానికే తెలుస్తుంది. నీ కోడలికి ఎలక్ట్రానిక్స్ వచ్చు అన్నావు. అడుగు. మొదటి రోజు నుంచే అడుగు, అంతా అయ్యాక చూపించడానికి పిలిచేవాళ్ళను కాదు, మధ్యలో పనికి పిలిచేవాళ్ళనే మనుషులు తమవాళ్ళు అనుకుంటారు.

డీసీసీ, అంటే ఒక్కో ఇంజిన్‌కు విడిగా అడ్రసు ఇచ్చి డిజిటల్‌గా నడిపే పద్ధతి, కావాలా అని అడిగావు. ఒక్క ఇంజిన్ నడిచే చోట అక్కర్లేదు. 12 వోల్టుల డీసీ కంట్రోలర్, ఒక్క నాబ్. మెనూలు, అడ్రసులు గుర్తు పెట్టుకునే పని ఉండదు. మిగిలిన పైసలు ఇంజిన్ మీద పెట్టు. మంచి హెచ్‌ఓ ఇంజిన్ ధరకు మంచి సైకిలు వస్తుంది, అయినా మెల్లగా, కుదుపు లేకుండా కదిలే ఇంజిన్ ఒక్కటి ఉంటే చాలు. మన ఇంజిన్ల బాడీలు 3డి ప్రింటులో చేసి ఇచ్చే చిన్న తయారీదారులు దేశంలో ఉన్నారు, విదేశీ ఛాసిస్ (మోటారు, చక్రాలు ఉన్న అడుగు చట్రం) మీద కూర్చోబెట్టుకోవాలి. ఎప్పుడైనా పుణెకు పోతే జోషిగారి మినియేచర్ రైల్వేల మ్యూజియం చూసి రా.

ఇక చివరిది, చెప్పడానికి మనసొప్పదు, చెప్పకపోతే తప్పు. నాలుగేళ్ల కింద నాతో పాటే ఈ పనిలో ఉన్న స్నేహితుడు పోయాడు. నెల తర్వాత వాళ్ళబ్బాయి ఫోన్ చేసి, అంకుల్, నాన్న అలమరలో 40 డబ్బాలున్నాయి, ఏది ఏమిటో మాకు తెలియదు అన్నాడు. రెండు రోజులు కూర్చున్నాను. ఇంజిన్లు ఒక చోట, వాటి డబ్బాలు ఒక చోట, చక్రాలు గుండీల డబ్బాలో. అబ్బాయి మంచివాడు, తండ్రి వస్తువులను ప్రేమగా చూసుకోవాలనే ఉంది వాడికి, కానీ ఎలాగో తెలియదు. ప్రతి వస్తువు గురించీ ఆయన తలలో ఉన్నదంతా ఆయనతోనే పోయింది.

అక్కడి నుంచి వచ్చి నేను చీటీలు రాయడం మొదలుపెట్టాను. ప్రతి డబ్బా మూత లోపల ఒక చీటీ: ఏమిటి, ఎప్పుడు, ఎంతకు, ఏం లోపం, ఎలా చూసుకోవాలి, ఎవరికి. నువ్వు మొదటి వ్యాగన్ కొన్న రోజే మొదలుపెట్టు, అప్పుడు అది పెద్దవాళ్ళ పనిలా అనిపించదు, లెక్కల పుస్తకంలా ఉంటుంది. ఒకటి ఇక్కడ రాస్తున్నాను, నమూనాగా.

నంబరు 7. డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజిన్. బాడీ ప్లాస్టిక్ షీటుతో చేతితో చేసింది, 2004. ఛాసిస్ విదేశీ, దాని కాగితాలు అలమర పై అరలో. వెనక కప్లింగ్ వదులు. నూనె ఏడాదికి ఒక్క చుక్క, గేర్ల మీదే, మోటారు మీద వద్దు. ఎవరికి: మంచిర్యాల అల్లుడికి.

దాని కోసం నేను పోయేదాకా ఆగక్కర్లేదు. బల్ల మీద మొదటి మూడు అడుగుల లైను పడగానే కబురు చెయ్. భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తాను, డబ్బా ఒళ్ళో పెట్టుకుని. ఇంజిన్‌కు కుడివైపు మెట్టు ఒకటి అంటించినా ఊడిపోతూ ఉంటుంది, పైన సామాను అరలో పెట్టలేను. స్టేషన్‌కు వచ్చేటప్పుడు బండి కాకుండా ఆటో తీసుకురా.

మీ మామ